కొత్త కోచ్ ఖాయమట! ఫుట్‌బాల్ క్లబ్బుల చుట్టూ పుకార్లు ఎలా పుడతాయి?

[తెరపై: ఫోనులో ఒక వాట్సాప్ పోస్టరు. క్లబ్బు చిహ్నం, కోటు తొడుక్కున్న ఒక విదేశీయుడి ఫోటో, కింద ఎర్ర అక్షరాల్లో "ఖాయం" అన్న మాట. పేరు మసకగా ఉంచాలి.]

నమస్కారం. ఈ పోస్టరును మా మేనల్లుడు ఒక రాత్రి పదకొండు దాటాక పంపించాడు. "మావయ్యా, మన ఒడిశా క్లబ్బుకు కొత్త కోచ్ ఖాయమైపోయాడు, చూశారా?" అని కింద ఒక వాక్యం కూడా జోడించాడు. పోస్టరును వేళ్లతో పెద్దది చేసి చూస్తే ఆ కోచ్ ఇంటిపేరు పైన ఒక తీరుగా, కింద మరొక తీరుగా రాసి ఉంది. ఒప్పందం ఎన్నాళ్లకు కుదిరిందో లేదు, ఆయన ఎప్పుడు వస్తాడో లేదు, ఈ కబురు ఎవరు చెప్పారో అంతకంటే లేదు.

మరునాడు పొద్దున బరంపురం పెద్దబజారులో టీ తాగుతూ ఆ కబురు పుట్టిన చోటు వెతుక్కుంటూ వెనక్కి వెళ్లాను. తెలుగు పోస్టరుకు మూలం ఒక ఒడియా పేజీ. అందులో ఉన్న మాట "హోయిపారె", అంటే "కావచ్చు". ఆ ఒడియా పేజీకి మూలం కోల్‌కతా నుంచి వచ్చిన ఒక ఇంగ్లీషు వాక్యం. అది చెప్పిందల్లా క్లబ్బు పరిశీలిస్తున్న పేర్లలో ఇదీ ఒకటని మాత్రమే. "పరిశీలిస్తున్నారు" అన్నది ఒడియాలోకి వచ్చేసరికి "కావచ్చు" అయింది. "కావచ్చు" తెలుగులోకి వచ్చేసరికి "ఖాయం" అయింది. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని మన తెలుగువాళ్లకు ఈ ఇబ్బంది కాస్త ఎక్కువ. ఒకే కబురు మూడు భాషల్లో మూడు దిక్కుల నుంచి చేరుతుంది కనుక ముగ్గురు సాక్షులు చెప్పినట్టు అనిపిస్తుంది. నిజానికి సాక్షి ఒక్కడే, అతడు కూడా గట్టిగా చెప్పలేదు.

[తెరపై: మూడు భాషల్లో ఆ మూడు వాక్యాలు ఒకదాని కింద ఒకటి. "ఖాయం" దగ్గర కెమెరా ఆగాలి.]

ముందుగా క్లబ్బు కోచ్‌ను ఎలా వెతుకుతుందో చూద్దాం. మన ఇళ్లలో పెళ్లి సంబంధాలు చూసే తీరు తెలిసినవారికి ఇది సులభంగానే అర్థమవుతుంది. క్లబ్బులో ఆటగాళ్ల కొనుగోళ్లు, నియామకాలు చూసుకునే స్పోర్టింగ్ డైరెక్టర్ ఒకరు ఉంటారు. ఆయన పది పన్నెండు పేర్లతో ఒక జాబితా రాసుకుంటాడు. జట్టు ఏ తీరున ఆడాలనుకుంటున్నారు, ఉన్న ఆటగాళ్లు ఆ తీరుకు సరిపోతారా, కోచ్ వెంట వచ్చే సహాయకులు ఎందరు, జీతం ఎంత, ప్రస్తుత క్లబ్బు వదలాలంటే పరిహారం ఎంత అని ఒక్కొక్కటిగా అడుగుతాడు. ఈ అడగడం ఎక్కువగా కోచ్‌తో నేరుగా జరగదు, ఏజెంటు ద్వారా జరుగుతుంది. సంబంధం కుదిర్చే పేరయ్య ఒకే అబ్బాయి జాతకాన్ని నాలుగు ఇళ్లకు తిప్పినట్టే ఏజెంటు కూడా ఒకే కోచ్ పేరును నాలుగు క్లబ్బుల చెవిన వేస్తాడు. జాతకం అడిగిన ప్రతి ఇంటా పెళ్లి జరగదని మనకు తెలుసు. అదే ఫుట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి ఫోను చేశారని వినగానే ముహూర్తం పెట్టేస్తాం.

దీనికి 2024లో జర్మనీ క్లబ్బు బాయర్న్ మ్యూనిక్ పడిన పాట్లను మించిన ఉదాహరణ లేదు, కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా నడుద్దాం.

[తెరపై: 2024 క్యాలెండరు. ఫిబ్రవరి నుంచి మే దాకా తేదీలు ఒక్కొక్కటిగా వెలగాలి.]

ఆ ఏడాది ఫిబ్రవరి 21న, సీజన్ ముగిశాక కోచ్ థామస్ టూహెల్ వెళ్లిపోతాడని బాయర్న్ ప్రకటించింది. అంటే కుర్చీ ఖాళీ కాబోతోందని మూడు నెలల ముందే లోకానికి తెలిసింది, పుకార్లకు అంతకంటే మంచి ఎరువు ఉండదు. మొదట వినిపించిన పేరు షాబి అలోన్సో. మరో జర్మన్ క్లబ్బు బాయర్ లెవర్కూసెన్‌ను తొలిసారి జర్మనీ విజేతగా నిలబెట్టే దారిలో ఉన్న ఆయన, బాయర్న్‌కు గానీ ఇంగ్లండు క్లబ్బు లివర్‌పూల్‌కు గానీ వెళ్లడం ఖాయమని వారాల తరబడి రాశారు. మార్చి 29న ఆయనే విలేఖరుల ముందుకు వచ్చి లెవర్కూసెన్‌లోనే ఉంటానని చెప్పాడు. తరువాత యూలియన్ నాగెల్స్‌మాన్ పేరు వచ్చింది. ఏప్రిల్‌లో ఆయన జర్మనీ జాతీయ జట్టుతో ఒప్పందం పొడిగించుకున్నాడు. ఆ తరువాత రాల్ఫ్ రాంగ్నిక్. మే నెల మొదట్లో ఆయన ఆస్ట్రియా జట్టుతోనే ఉండిపోతానన్నాడు. చివరికి పంపించేస్తామన్న టూహెల్‌నే ఉండమని అడిగారు, ఆ మాటలూ తెగలేదు. మే 29న బాయర్న్ ప్రకటించిన పేరు విన్సెంట్ కొంపనీ. ఆయన నడిపిన బర్న్‌లీ జట్టు అప్పుడే ఇంగ్లండు ప్రీమియర్ లీగు నుంచి కింది శ్రేణికి జారింది. జాబితాల్లో చివరి రోజుల దాకా కనబడని పేరు అది. మరుసటి సీజన్‌లో, అంటే 2025లో, బాయర్న్ ఆయన చేతుల మీదుగానే లీగు గెలిచింది.

ఈ కథను "పుకార్లన్నీ అబద్ధం" అని చెప్పడానికి వాడుకోవడం నాకు ఇష్టం లేదు. బాయర్న్ నిజంగానే నాగెల్స్‌మాన్‌తో మాట్లాడింది, రాంగ్నిక్‌తోనూ మాట్లాడింది. "అడిగారు" అన్నది నిజమే. దాన్ని "వస్తున్నాడు" అని మనం చదువుకున్నాం. నిప్పు లేనిదే పొగ రాదని మనవాళ్లు అంటారు, ఆ మాటతో నాకు పేచీ లేదు. అయితే పొగ కనబడగానే వంట అయిపోయిందని విస్తరి వేసుకుని కూర్చోకూడదు. పొయ్యి ఎవరు వెలిగించారో, ఎందుకు వెలిగించారో ముందు కనుక్కోవాలి.

వెలిగించేవారిలో మొదటివాడు ఏజెంటు. పక్క క్లబ్బు తన కోచ్‌ను అడుగుతోందన్న వార్త ఒక వారం పాటు పత్రికల్లో తిరిగితే, ఉన్న క్లబ్బు జీతం పెంచి ఒప్పందం పొడిగించే అవకాశం పెరుగుతుంది. అందుచేత ఏ కోచ్ గురించి పుకారు వచ్చినా ఆయన ప్రస్తుత ఒప్పందం ఏ సంవత్సరంతో ముగుస్తుందో చూడటం నాకు అలవాటైపోయింది. ఒక్క ఏడాదే మిగిలి ఉంటే ఆ పుకారుకు గమ్యం కొత్త క్లబ్బు కాదు, పాత క్లబ్బు జీతాల విభాగం అనుకోవచ్చు.

[తెరపై: 2024 ఏప్రిల్. లండన్ విమానాశ్రయం సాధారణ దృశ్యం.]

కొన్నిసార్లు కోచే దొరికిపోతాడు. 2024 జనవరి 26న యుర్గెన్ క్లాప్ లివర్‌పూల్‌ను వదులుతానని ప్రకటించాక, అలోన్సో కాదన్నాక, పోర్చుగల్‌లో స్పోర్టింగ్ క్లబ్బును నడుపుతున్న రూబెన్ అమొరిమ్ పేరు బెట్టింగు ధరల పట్టికలో పైకి ఎక్కింది. ఏప్రిల్‌లో ఆయన లండన్ వెళ్లాడు, కానీ కలిసింది లివర్‌పూల్‌ను కాదు, వెస్ట్ హామ్‌ను. తన జట్టు టైటిల్‌కు చేరువలో ఉన్నప్పుడు అలా వెళ్లడం తప్పేనని తరువాత ఒప్పుకున్నాడు. లివర్‌పూల్ ఆర్నే స్లాట్‌ను తెచ్చుకుంది, వెస్ట్ హామ్ మరొకరిని తెచ్చుకుంది, అమొరిమ్ ఆ ఏడాది నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లాడు. ఏప్రిల్‌లో ఆయన ఇంగ్లండు వస్తాడని రాసినవారిది తప్పా ఒప్పా అంటే నేను చెప్పలేను. దేశం సరిపోయింది, క్లబ్బూ నెలా సరిపోలేదు.

బెట్టింగు ధరల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. ఇంగ్లండులో తదుపరి కోచ్ ఎవరన్న దాని మీద పందేలు చట్టబద్ధంగానే కాస్తారు. ఆటల ఫలితాల మీద వచ్చే పందేలతో పోల్చితే ఇది చాలా చిన్న బజారు. ఒక పేరు మీద నలుగురు కొద్దిపాటి సొమ్ము పెట్టినా పందెం నడిపేవారు భయపడి ధర, అంటే ఆ పేరు నిజమైతే గెలిచినవారికి చెల్లించే సొమ్ము, తగ్గిస్తారు. ధర తగ్గిందని వెబ్‌సైట్లు "రేసులో ముందున్నాడు" అని రాస్తాయి. ఆ వార్త చదివి మరో నలుగురు పెడతారు, ధర ఇంకా తగ్గుతుంది. పాము తన తోకను తానే మింగినట్టు ఈ చక్రంలో క్లబ్బు లోపలి సమాచారం ఒక్క చుక్క కూడా లేకపోవచ్చు. మన దేశంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో చట్టం నిషేధించింది. అయినా ఆ ధరల పట్టిక మాత్రం వార్త వేషంలో మన ఫోనులోకి వస్తూనే ఉంది.

పెద్ద మనిషి చెప్పాడు గనుక నిజమనుకోవడమూ కుదరదు. అప్పటికి రియల్ మాడ్రిడ్ క్లబ్బు కోచ్‌గా ఉన్న కార్లో అన్చెలొట్టి 2024లో తమ జట్టు పగ్గాలు చేపడతాడని 2023లో బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడే బహిరంగంగా చెప్పాడు. అదే 2023 డిసెంబరు 29న అన్చెలొట్టి రియల్ మాడ్రిడ్‌తో 2026 వరకు ఒప్పందం పొడిగించుకున్నాడు. అక్కడితో కథ ముగిసిందని అందరూ అనుకున్నారు. 2025 మే 12న బ్రెజిల్ సమాఖ్య ఆయన్నే కోచ్‌గా ప్రకటించింది.

[తెరపై: భారత జట్టు నీలి చొక్కా. పక్కన ఒక ఈమెయిలు గుర్తు.]

ఇక మన దేశంలో జరిగినది వింటే నవ్వూ వస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. ఇది క్లబ్బు కథ కాదు, జాతీయ జట్టు కథ, అయినా పుకారు తయారయ్యే తీరు ఇంత తేటగా మరెక్కడా కనబడదు. 2025 జులైలో భారత జట్టు కోచ్ మనోలో మార్కెజ్ వెళ్లిపోయాక భారత ఫుట్‌బాల్ సమాఖ్య దరఖాస్తులు పిలిచింది, 170 వచ్చాయి. వాటిలో బార్సిలోనా మాజీ కోచ్ చావి దరఖాస్తు కూడా ఉందని, డబ్బు చాలక పక్కన పెట్టారని వార్త వచ్చింది. ప్రపంచమంతా దాన్ని మళ్లీ మళ్లీ అచ్చు వేసింది. రెండు రోజులు తిరగకముందే, చావి పేరుతోనూ, మరో ప్రసిద్ధ కోచ్ పెప్ గార్డియోలా పేరుతోనూ వచ్చిన ఈమెయిళ్లు అసలైనవి కావని సమాఖ్య ప్రకటించవలసి వచ్చింది. ఏ విదేశీ క్లబ్బు జీతమూ ఏ ఏజెంటు కమీషనూ ఇందులో లేవు, ఒక ఈమెయిలు చాలింది. మన మేనల్లుడికి వచ్చిన పోస్టరుకూ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ "ఖాయం" అనిపించుకున్న కాగితం సమాఖ్య కార్యాలయం నుంచే బయటికి వచ్చింది. ఆగస్టు 1న ఉద్యోగం దక్కింది జంషెడ్‌పూర్ క్లబ్బు కోచ్ ఖాలిద్ జమీల్‌కు. ఒక పదవి నిండితే మరొకటి ఖాళీ అవుతుంది కాబట్టి ఆ వెంటనే జంషెడ్‌పూర్ చుట్టూ పేర్లు తిరగడం మొదలైంది.

మన భువనేశ్వర్ క్లబ్బు సంగతికి వస్తే, ఢిల్లీ డైనమోస్ 2019లో కళింగ స్టేడియానికి తరలివచ్చి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అప్పటి నుంచి కోచ్‌ల రాకపోకలు చూస్తే ఒక విచిత్రం తెలుస్తుంది: పెద్ద మలుపుల్లో చాలా వాటికి ముందుగా పుకారే లేదు. 2021 ఫిబ్రవరిలో స్టువర్ట్ బాక్స్టర్ ఒక మ్యాచ్ తరువాత చేసిన వ్యాఖ్యపై తీవ్ర విమర్శ రావడంతో క్లబ్బు ఆయన్ను మరునాడే తొలగించింది. అంత తొందరలో పుకారు పుట్టడానికి వ్యవధి ఎక్కడిది? తరువాత వచ్చిన కికో రామిరెజ్ ఒక సీజన్ కూడా పూర్తి చేయలేదు. మొదటి కోచ్ జోసెప్ గోంబావ్ తిరిగి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. 2023 ఏప్రిల్‌లో తాత్కాలికంగా పగ్గాలు పట్టిన క్లిఫర్డ్ మిరాండా జట్టు చేత సూపర్ కప్ గెలిపించాడు. కోళికోడ్‌లో జరిగిన ఫైనల్లో బెంగళూరు మీద 2-1 తేడాతో సాధించిన ఆ విజయమే క్లబ్బుకు తొలి పెద్ద ట్రోఫీ. పెద్ద పేర్ల జాబితాల్లో ఆయన ఎక్కడా లేడు. అంతకుముందు ముంబై సిటీని విజేతగా నిలిపిన సెర్జియో లొబేరా ఆ వేసవిలోనే వచ్చాడు. 2025 నవంబరులో ఆయన కోల్‌కతా క్లబ్బు మోహన్ బగాన్‌కు వెళ్లాడు.

ఆ 2025లో మన పుకార్లకు అదనంగా మరొక కారణం తోడైంది. మన దేశంలో క్లబ్బుల పెద్ద పోటీ అయిన ఇండియన్ సూపర్ లీగు నిర్వహణ హక్కుల ఒప్పందం డిసెంబరుతో ముగియవలసి ఉండగా కొత్తది కుదరలేదు, లీగు ఎప్పుడు మొదలవుతుందో ఎవరికీ తెలియలేదు. మ్యాచ్‌లు లేనప్పుడు ఫుట్‌బాల్ పేజీలకు రాయడానికి ఏముంటుంది? బరంపురం నుంచి రైలెక్కి కళింగ స్టేడియానికి వెళ్లి ఆట చూసి రావలసిన కుర్రవాళ్లు ఇంట్లో కూర్చుని పోస్టర్లు పంచుకున్నారు.

[తెరపై: ఒక క్లబ్బు అధికారిక ప్రకటన నమూనా. తేదీ, గడువు ఉన్న వరుసల కింద గీతలు.]

అసలు ప్రకటన ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. 2024 మే 20న లివర్‌పూల్ స్లాట్ పేరు చెప్పినప్పుడు, జూన్ 1న బాధ్యతలు తీసుకుంటాడని, అది కూడా పని అనుమతి రావడానికి లోబడి అని రాసింది. ఏప్రిల్ చివరి వారంలోనే స్లాట్ తాను వెళ్లాలనుకుంటున్నానని కెమెరా ముందు చెప్పేశాడు, అయినా క్లబ్బు తన ప్రకటనలో ఆ "లోబడి" అన్న మాటను వదల్లేదు. మన దేశానికి వచ్చే విదేశీ కోచ్‌కు కూడా ఉద్యోగ వీసా కావాలి, పాత క్లబ్బు నుంచి విడుదల కావాలి, పరిహారం ఉంటే అది ఎవరు కడతారో తేలాలి. ఈ మూడింటిలో ఒక్క దాని ప్రస్తావనైనా ఉన్న వార్త రాసినవాడు ఎవరినో ఒకరిని అడిగి రాశాడని అర్థం. ఏదీ లేని దాన్ని నేను టీ చల్లారేలోపే మరిచిపోతాను.

ఇదంతా మేనల్లుడికి ఫోనులో చెప్పాను. ఒడియా మాటనూ తెలుగు మాటనూ పక్కపక్కన పెట్టి చూపించాను. వాడు అంతా విన్నాడు, పోస్టరు తీసేస్తానన్నాడు, ఒక క్షణం ఆగి అన్నాడు: "సరే గానీ మావయ్యా, ఆయన నిజంగా వస్తే బాగుణ్ణు కదా."