ఆలుగడ్డ విత్తనాన్ని చెడగొట్టే పేనుబంక

రైతు అన్నలకు, అక్కలకు నమస్కారం.

ఆలుగడ్డ సాగు ఖర్చులో పెద్ద వాటా విత్తనానిదే. మన జహీరాబాద్ చుట్టుపక్కల చాలామంది ఉత్తరాది నుంచి లారీల్లో వచ్చిన గడ్డ కొని వేస్తారు. మొదటి ఏడు బాగానే పండుతుంది. అందులోంచే దాచుకుని మరుసటి ఏడు వేస్తే దిగుబడి తగ్గుతుంది, ఆపై ఏడు ఇంకా పడిపోతుంది. భూమిలో సత్తువ పోయిందనుకుని ఎరువు బస్తాలు పెంచుతాం. చాలాసార్లు లోపం భూమిలో ఉండదు. గడ్డలోనే వైరస్ ఉంటుంది. దాన్ని చేనంతా పంచేది ఆకు రసం పీల్చే చిన్న పురుగు, పేనుబంక.

ఆలుగడ్డలో పేనుబంక రసం పీల్చడం వల్ల జరిగే నష్టం చిన్నది. అది మోసుకొచ్చే వైరస్‌తోనే అసలు చిక్కు. ముఖ్యమైనవి రెండు. ఒకటి ఆకుముడుత వైరస్. ఇది ఆకు లోపల రసం పారే నాళాల్లో ఉంటుంది. పురుగు కుదురుగా కూర్చుని చాలాసేపు పీలిస్తేనే దాని ఒంట్లోకి ఎక్కుతుంది. ఎక్కాక కూడా కొన్ని గంటలు గడిస్తేనే ఇంకో మొక్కకు అంటించగలదు. ఆ తర్వాత మాత్రం బతికినంతకాలం అంటిస్తూనే ఉంటుంది. రెండోది వై వైరస్. దీనికి కుదురుగా కూర్చోవడం కూడా అక్కర్లేదు. రెక్కల పేనుబంక ఆకు మీద వాలి, రుచి చూడటానికి కొన్ని సెకన్లు గుచ్చితే చాలు, ముట్టెకు అంటుకుంటుంది. ఒకే సూదితో పదిమందికి ఇంజెక్షన్ చేస్తే ఎట్లా ఉంటుందో అట్లాగే, పక్క మొక్కను గుచ్చగానే అక్కడికి చేరిపోతుంది.

ఈ తేడా తెలిస్తే మందుల సంగతి తేలిపోతుంది. ఆకుముడుత వైరస్‌ను మందు చాలావరకు ఆపగలదు, ఎందుకంటే అంటించడానికి సమయం పడుతుంది, ఆలోపు పురుగు చస్తుంది. వై వైరస్ విషయంలో పురుగు చచ్చేలోపే పని అయిపోతుంది. పైగా దాన్ని తెచ్చేది ఆలుగడ్డ మీద కాపురం పెట్టే పచ్చ పేనుబంక ఒక్కటే కాదు. పక్క చేలోంచి ఎగిరొచ్చి, నచ్చక వెళ్లిపోయే రకాలు కూడా పోతూ పోతూ అంటిస్తాయి. వారం వారం పైరిథ్రాయిడ్ రకం పురుగుమందులు కొట్టే అలవాటును నేను గట్టిగా వద్దంటాను. పేనుబంకను తినే అక్షింతల పురుగులు, సిర్ఫిడ్ ఈగ పిల్లలు చస్తాయి, మందుకు లొంగని పేనుబంక మిగులుతుంది. దానికన్నా చేను చుట్టూ జొన్నో మొక్కజొన్నో దట్టంగా వేయండి. బయటి నుంచి వచ్చే పురుగు ముందు వాటినే గుచ్చి, ముట్టెకున్న వై వైరస్‌ను అక్కడే వదిలించుకుంటుంది.

ఒకప్పుడు మంచి విత్తనం అంటే హిమాచల్ కొండల్లోంచి రావాల్సిందే. చలికాలం మొదట్లో ఉత్తరాది మైదానాల్లో పేనుబంక బాగా తక్కువని గమనించి, సిమ్లాలోని కేంద్రీయ ఆలుగడ్డ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్త పుష్కర్‌నాథ్ విత్తన మడి పద్ధతి తీసుకొచ్చారు. అక్టోబరులో నాటడం, జనవరిలో పేనుబంక పెరగకముందే పైతీగ కోసేయడం. పంజాబ్‌లో ఇంత విత్తనం పండుతోందంటే ఆ పద్ధతి పుణ్యమే. తీగ కోయడానికి అక్కడ పెట్టుకున్న హద్దు వంద ఆకులకు 20 పేనుబంకలు. అంత తక్కువా అని అడుగుతారు. ఈ పురుగు మగదాంతో పని లేకుండానే పిల్లల్ని పెడుతుంది, వారం పది రోజుల్లో ఆ పిల్లలూ తల్లులవుతాయి.

లెక్కపెట్టే తీరు జాగ్రత్తగా వినండి. చేలో ఐమూలగా నడుస్తూ 33, 34 మొక్కల దగ్గర ఆగండి. ఒక్కో మొక్కకు పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి చూడాలి. ఆకంటే చిన్న రెబ్బ కాదు, కాడతో సహా మొత్తం ఆకు. తెంపకుండా మెల్లగా తిప్పి అడుగు భాగం చూడండి. చాలామంది పై ఆకు చూసి ‘ఏం లేదు సార్’ అంటారు. పచ్చ పేనుబంక ఎక్కువగా కింది ఆకుల్లోనే ఉంటుంది. తెల్లటి పొట్టు కనబడితే అది విడిచిన చర్మం. లెక్కలోకి రాదు గానీ, పురుగు దగ్గర్లోనే ఉందని గుర్తు. వారానికోసారి చూడండి, కనబడటం మొదలయ్యాక రెండుసార్లు.

విత్తన మడిలో లెక్క 20కి చేరువైతే, గడ్డ ఇంకాస్త ఊరుతుందని ఆశపడొద్దు. కోతకు వారం పది రోజుల ముందే నీళ్లు ఆపి, తీగను నేలమట్టానికి కోయాలి. మోడు చిగురిస్తే ఆ లేత ఆకుల మీదికే పేనుబంక ఎగబడుతుంది, వెంటనే తీసేయాలి. తోలు గట్టిపడేదాకా, అంటే రెండు వారాలు ఆగి తవ్వండి. అమ్ముకునే గడ్డకు ఈ కోత లెక్క అక్కర్లేదు. అక్కడ ఈ ఏడు ఆలస్యంగా సోకిన వైరస్ పెద్దగా నష్టం చేయదు, విత్తనంతో వచ్చిందే ముంచుతుంది. అందుకే సర్టిఫైడ్ విత్తనం కొనేటప్పుడు బస్తాకు నీలం ట్యాగ్ ఉందో లేదో చూడండి.

సొంత విత్తనం దాచుకుందామనుకునేవాళ్లు ఇప్పుడే చేలో తిరగాలి. కింది ఆకులు పైకి ముడుచుకుని, దళసరిగా మారి, చేత్తో నలిపితే గరగరలాడితే అది గడ్డతోనే వచ్చిన ఆకుముడుత. ఆ మొక్కను గడ్డలతో సహా తవ్వి, పురుగు రాలకుండా అక్కడే సంచిలో వేసి, చేను బయటికి తీసుకెళ్లండి. మీటింగ్ అయ్యాక పక్క చేలో అందరం కలిసి వంద ఆకులు లెక్కపెడదాం. లెన్సులు తెచ్చాం, ఇద్దరికి ఒకటి తీసుకోండి.