ట్రైలర్ రోజున వికీపీడియా వీక్షణల గీత పైకి లేస్తుంది, సరే. ఆ తర్వాత?

అందరికీ నమస్కారం. మీలో డిస్ట్రిబ్యూటర్లే ఎక్కువమంది కాబట్టి సూటిగా వస్తాను. రాబోయే సినిమా మీద జనానికి ఎంత ఆసక్తి ఉందో వికీపీడియా వీక్షణల లెక్క చూసి చెప్పొచ్చా?

కొంతవరకు చెప్పొచ్చు. మెస్త్యాన్, యస్సేరి, కెర్తేస్ అనే ముగ్గురు పరిశోధకులు 2010లో అమెరికాలో విడుదలైన 312 సినిమాలు తీసుకున్నారు. వాటి పేజీలు ఎంతమంది చూశారు, ఎంతమంది దిద్దారు, ఎన్నిసార్లు దిద్దారు అన్నది లెక్కగట్టి, థియేటర్ల సంఖ్యనూ కలిపి చూశారు. 2013లో ఆ పేపరు అచ్చయింది. తొలి వారాంతపు వసూళ్లు ఎంతుంటాయో విడుదలకు నెల ముందే చాలావరకు అంచనాకు అందింది. కాకపోతే పెద్ద సినిమాలకు అంచనా బాగా కుదిరింది, అంతగా ఆడనివాటికి గురి తప్పింది. నన్నడిగితే అసలు చిక్కు ఇదే. పెద్ద హీరోకి ఓపెనింగ్స్ వస్తాయని చెప్పడానికి ఈ తతంగమంతా ఎందుకు, సెంటర్లో కటౌట్ చూస్తే చాలదూ? మనం తలపట్టుకునేది చిన్న సినిమా దగ్గర. అక్కడే ఈ లెక్క నోరు మెదపదు.

2015 జులై నుంచి రోజువారీ లెక్కలు ఉచితంగానే దొరుకుతాయి, ఎవరైనా చూసుకోవచ్చు. చూసేటప్పుడు మాత్రం జాగ్రత్త. 'ప్రాజెక్ట్ కె' 2023 జులైలో 'కల్కి 2898 ఏడీ' అయింది. ఇలా పేరు మారితే పేజీ కొత్త పేరుకి వెళ్తుంది గానీ, పాత పేరు మీద పడిన వీక్షణలు పాత పేరు దగ్గరే ఉండిపోతాయి. రెండూ కలపకపోతే ఆసక్తి అంతా ఒక్కరోజులో పుట్టుకొచ్చినట్టు ఉంటుంది. పైగా, షూటింగ్ మొదలైతే గానీ సినిమాకి విడి పేజీ ఉండకూడదని ఇంగ్లిష్ వికీపీడియాలో ఒక నియమం. కాబట్టి ప్రకటన రోజు హడావిడి కావాలంటే హీరో పేజీలోనో దర్శకుడి పేజీలోనో వెతుక్కోవాలి.

మీరు కొనేదేమో నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అని ఏరియాల వారీగా. ఈ వీక్షణల గీతలో ఏరియాలు ఉండవు. కర్నూలులో చూసినా డాలస్‌లో చూసినా ఒక్కటే. హీరోయిన్ ఎవరో చూసి పేజీ మూసేసినవాడూ లెక్కలోకి వస్తాడు.

అయినా పనికిరాదని అనను. ట్రైలర్ రోజు ఎవరి గీతైనా లేస్తుంది, దాన్ని వదిలేయండి. వారం తర్వాత అది ఎక్కడ నిలిచిందో చూడండి. అదే హీరో కిందటి సినిమాకి, విడుదలకు సరిగ్గా అన్ని రోజుల ముందు, ఎక్కడుందో పక్కన పెట్టి చూడండి. బాగా తగ్గిందనుకోండి, నిర్మాత దగ్గర బేరమాడటానికి మీకో మాట దొరికినట్టే. రేటు మాత్రం దాన్ని చూసి కట్టొద్దు. ఇక మీ ప్రశ్నలు అడగండి.