ఇవాన్ దేవుణ్ణి కాదనలేదు: బ్రదర్స్ కరమజోవ్ రివ్యూ

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, ఇది నేను కొన్న కాపీ కాదు. ఒక పుస్తకాల షాపు వాళ్ళు రివ్యూ కోసం ఫ్రీగా పంపారు, అంతకుమించి డబ్బులేమీ ఇవ్వలేదు. రష్యన్ రచయిత దొస్తోయెవ్‌స్కీ నవల 'బ్రదర్స్ కరమజోవ్', ఇంగ్లిష్ అనువాదం. తండ్రి హత్య, అన్నదమ్ములు, కోర్టు కేసు, ఆ కథంతా వేరే వీడియోల్లో చూసే ఉంటారు, నేను దాని జోలికి పోను.

నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ హోటల్ సీన్ గురించి. ఇవాన్, తమ్ముడు అల్యోషా కిటికీ పక్కన ఒక అడ్డుతెర వెనక కూర్చుంటారు. అవతల సీసాల మూతలు తీస్తున్న చప్పుడు, బిలియర్డ్స్ బంతుల టకటక, ఆర్గన్ మోత. ఇవాన్ తమ్ముడికి చేపల సూపు, టీ, చెర్రీ జామ్ తెప్పిస్తాడు. నీకు చిన్నప్పుడు చెర్రీ జామ్ అంటే ఎంత ఇష్టమో నాకు గుర్తుందంటాడు. అలా తింటూ తాగుతూ మొదలవుతుంది, దేవుడున్నాడా లేడా అనే మాట.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. రీల్స్‌లో "దేవుడు లేకపోతే ఏదైనా చెయ్యొచ్చు" అనే ఒక్క ముక్క పట్టుకుని ఇవాన్‌కి నాస్తికుడని ముద్ర వేసేస్తున్నారు. ఈ సీన్లో ఇవాన్ దేవుణ్ణి ఒప్పుకుంటున్నాననే అంటాడండీ, ఒప్పుకోనిది ఆ దేవుడు చేసిన లోకాన్ని! ఎందుకో చెప్పడానికి ఒక సంగతి చెప్తాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడు ఆడుకుంటూ రాయి విసిరితే ఒక జనరల్ వేటకుక్క కాలికి తగులుతుంది. మర్నాడు పొద్దున్నే తల్లి కళ్ళముందే వాడి బట్టలు విప్పించి, పరిగెత్తించి, మీదికి కుక్కల్ని వదులుతాడు. ఆ జనరల్‌ని ఏం చెయ్యాలి అని ఇవాన్ అడిగితే, మఠంలో శిష్యుడిగా ఉంటున్న అల్యోషా కూడా కాల్చెయ్యాలి అనేస్తాడు. మనవాళ్ళు పూర్వజన్మ పాపం అన్నట్టు అక్కడివాళ్ళు తండ్రుల పాపం అంటారు కదా, ఇవాన్ ఆ జవాబును కూడా ముందే ఊహించి కొట్టిపారేస్తాడు. చివరికి అందరికీ సుఖం దొరికినా సరే, దానికి ఒక పసిబిడ్డ కన్నీళ్ళే ఖరీదైతే ఆ సుఖంలోకి వెళ్ళే నా టికెట్ వాపసు ఇచ్చేస్తానంటాడు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు కూడా ఇలాగే ప్రశ్నలతో నలిగిపోతాడు, కానీ అతను ఒంటరి. ఇక్కడ వినడానికి ఎదురుగా ప్రేమించే తమ్ముడున్నాడు, అందుకే ఇవాన్ మాటలు ఇంకా గట్టిగా తగులుతాయి.

తర్వాత వచ్చే 'గ్రాండ్ ఇంక్విజిటర్' అధ్యాయం, అంటే ఇవాన్ తమ్ముడికి చెప్పే కథ, దాని గురించి అందరూ చెప్పారు, వదిలేస్తున్నా.

ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. ఈ నవల 1879, 1880ల్లో పత్రికలో సీరియల్‌గా వచ్చింది. అంతకుముందు 1878 మేలో దొస్తోయెవ్‌స్కీ కొడుకు మూర్ఛతో పోయాడు, మూడేళ్ళు కూడా నిండలేదు, పేరు అల్యోషా. నవల మొదట్లోనే, అల్యోషా ఉండే మఠంలోని జోసిమా గురువు దగ్గరికి ఒక పల్లెటూరి తల్లి వస్తుంది. పోయిన ఆమె బిడ్డకూ దాదాపు అంతే వయసు, పేరూ అదే. గుండెల్లో దాచుకున్న బిడ్డ నడుంపట్టీ బయటికి తీసి, దాన్ని చూస్తూ వెక్కివెక్కి ఏడుస్తుంది. గురువు ఊరుకోమనడు. ఓదార్పు వెతుక్కోకు, ఏడువమ్మా అంటాడు. ఇవాన్ ప్రశ్నకు వాదనతో జవాబివ్వదు ఈ పుస్తకం, ఇచ్చేది ఇలాంటి మనుషుల్నే. ఆ జవాబు సరిపోతుందో లేదోనని రచయితే ఒక ఉత్తరంలో భయపడ్డాడు. నాకైతే సరిపోలేదు, అయినా ఆ నడుంపట్టీ నన్ను వదలట్లేదు.

ఎడిషన్ విషయానికొస్తే, ఇంతకుముందు నా దగ్గరున్నది ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న కాపీ, కాన్‌స్టన్స్ గార్నెట్ చేసిన 1912 నాటి ఇంగ్లిష్ అనువాదం. ఇది దానికంటే హాయిగా చదివిస్తుంది. కానీ పాత్రల పేర్ల పట్టిక లేదు! పెద్దన్న ద్మీత్రీ, మీత్యా ఒకడేనని కొత్తవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

నా మాట, కొనండి. ఇంక్విజిటర్ అధ్యాయం ఒక్కటే విడిగా చిన్న పుస్తకంగా దొరుకుతుంది, అది మాత్రం వద్దు. అందులో చెర్రీ జామూ ఉండదు, ఆ తల్లీ ఉండదు.