తేదీ వచ్చింది, గేటు తీశారు

నమస్తే అండి. 2019 నవంబర్ 29న లండన్ బ్రిడ్జి పక్కనున్న ఫిష్‌మాంగర్స్ హాల్‌లో ఒక సభ జరిగింది. ఖైదీలూ యూనివర్సిటీ విద్యార్థులూ కలిసి చదువుకునే కేంబ్రిడ్జి కార్యక్రమం అది. సభకు పిలిచినవాళ్లలో ఉస్మాన్ ఖాన్ ఒకడు. ఆ కార్యక్రమం కోసం పనిచేసిన జాక్ మెరిట్‌కు 25 ఏళ్లు, సస్కియా జోన్స్‌కు 23. ఆ ఇద్దరినీ ఖాన్ కత్తులతో పొడిచి చంపాడు.

అంతకుముందే ఒక ఉగ్రవాద కేసులో అతనికి 16 ఏళ్ల జైలుశిక్ష పడింది. సగం కాగానే, 2018 డిసెంబర్‌లో, వదిలేశారు. ఇతను ఇంకా ప్రమాదమా కాదా అని పెరోల్ బోర్డు, అంటే ఖైదీని వదలొచ్చో లేదో తేల్చే సంస్థ, చూడనే లేదు. చూడాలని చట్టంలో లేదు. తేదీ వచ్చింది, గేటు తీశారు. ఫిష్‌మాంగర్స్ హాల్ దాడి జరిగిన రెండు నెలలకు, 2020 ఫిబ్రవరిలో, లండన్‌లోనే స్ట్రెథమ్‌ అనే చోట ఇలాంటిదే ఇంకో దాడి. ఆ దాడి చేసినవాడు జైలు నుంచి వచ్చి పట్టుమని రెండు వారాలు కాలేదు, వెనకాలే పోలీసుల నిఘా ఉంది, అయినా ఇద్దరిని పొడిచాడు.

ఆ ఫిబ్రవరిలోనే బ్రిటన్ చట్టం మార్చింది. ఉగ్రవాద ఖైదీ మూడింట రెండొంతుల శిక్ష అనుభవించాలి, ఆ తర్వాత కూడా పెరోల్ బోర్డు ఒప్పుకుంటేనే విడుదల. 2021లో మరో చట్టం: అతి తీవ్రమైన కేసుల్లో కనీసం 14 ఏళ్లు జైలు, బయటికొచ్చాక 25 ఏళ్ల దాకా పర్యవేక్షణ, అవసరమైతే లై డిటెక్టర్ పరీక్ష.

పెరోల్ బోర్డును తేవడం సరైన పనే. ఎప్పుడో చేయాల్సింది. కానీ దాడి రోజు ఖాన్ కాలికి, ఎక్కడున్నాడో చెప్పే ఎలక్ట్రానిక్ ట్యాగ్ ఉంది. జైల్లో తీవ్రవాద భావాలు మాన్పించే కోర్సు పూర్తిచేశాడు. విడుదలైన ఖైదీలను పర్యవేక్షించే ప్రొబేషన్ శాఖ వాళ్లు, పోలీసులు అందరూ అతన్ని చూస్తూనే ఉన్నారు. అయినా తోడు లేకుండా ఒక్కడినే రైల్లో లండన్ పంపారు. 2021లో ఆ మరణాలపై విచారణ జరిపిన జ్యూరీ ఇదే తప్పుపట్టింది: మారిన ఖైదీకి నమూనాగా అతన్ని చూపించుకుంటూ, అసలు ప్రమాదాన్ని చూడలేకపోయారని. బుద్ధిగా కనిపించడం వేరు, మారడం వేరండీ. ఆ తేడా పట్టాలంటే అనుభవమున్న ప్రొబేషన్ అధికారి కావాలి, అతనికి సమయం కావాలి, పోలీసుల దగ్గరున్న సమాచారం అతని దాకా రావాలి.

తన కొడుకు చావును ఇంకా కఠినమైన శిక్షలకు సాకుగా వాడొద్దని జాక్ తండ్రి బహిరంగంగానే కోరాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. జైలు ఏళ్లు పెంచామని మంత్రులు చెప్పిన ప్రతిసారీ, ప్రొబేషన్ ఆఫీసుల్లో ఎంతమందిని పెంచారో కూడా అడగండి.