ధర్నా చౌక్ మూసేస్తే నష్టం ఎవరికి?

అందరికీ నమస్కారం.

సభకు అనుమతి లేదు, ర్యాలీకి అనుమతి లేదు. రేపు 'చలో' అంటే ఈ రాత్రికే ఇంటి ముందు పోలీసు జీపు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా మనకిది అలవాటైపోయింది. అలాంటప్పుడు ఉద్యమాలు ఏం చేస్తాయన్నది ఈ రోజు నా విషయం.

2011 మార్చి 10న, తెలంగాణ రాష్ట్రం కోసం హైదరాబాద్‌లో తలపెట్టిన మిలియన్ మార్చ్‌ను ఆపడానికి ముందస్తు అరెస్టులు చేశారు, ఎక్కడికక్కడ దారులు మూశారు. అయినా జనం ట్యాంక్‌బండ్ చేరారు. కానీ తెలంగాణ ఉద్యమంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వంటావార్పు. నడిరోడ్డు మీద మూడు రాళ్లు పెట్టి, కట్టెలు రాజేసి, గంజులో అన్నం వండి, అక్కడే బంతి కూర్చుని తినడం. నినాదమివ్వడానికి జంకే ఇల్లాలు కూడా బియ్యం కడగడానికి ముందుకొస్తుంది. వండుకు తింటున్నవాళ్ల మీద లాఠీ ఎత్తాలంటే కానిస్టేబుల్‌కూ చెయ్యాడదు. బతుకమ్మ ఆటలు, రోడ్డు మీదే కులవృత్తులు చేసి చూపడం కూడా ఆ కోవలోవే. 2013లో, రాష్ట్రాన్ని విడదీయొద్దన్న సమైక్యాంధ్ర ఉద్యమమూ వంటావార్పునే పట్టుకుంది. వైరి శిబిరం కూడా అందిపుచ్చుకుందంటే దాని బలమేంటో చూడండి.

2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె ఇంకా ముందుకెళ్లింది. పని మానేస్తే చాలు, రోడ్డెక్కడానికి అనుమతి అడిగే పనే లేదు. సింగరేణిలో బొగ్గు ఆగితే రాష్ట్రమంతా కరెంటు కోతలు మొదలయ్యాయి. 42 రోజులు నడిచిందా సమ్మె.

ఇవన్నీ చెప్పి, దారులు మూసినా ఉద్యమం ఆగదని మనం గర్వంగా అనుకుంటాం. అక్కడే నాకు అభ్యంతరం. చేతిలో బొగ్గు ఉన్నవాళ్లకు ఇంకో దారి దొరుకుతుంది. జీతాలు రాని వందమంది కాంట్రాక్టు కార్మికుల చేతిలో ఏముంది? ఒక టెంటు, ఒక బ్యానర్, నలుగురి కంటపడే చోటు. 2017లో హైదరాబాద్‌లో నిరసనలు జరిగే ఇందిరాపార్కు ధర్నా చౌక్‌ను మూసి, ఊరి శివార్లకు పొమ్మన్నప్పుడు పోయింది ఆ చోటే. ఉద్యమంతో వచ్చిన రాష్ట్రంలో ఆ పని జరగడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 2018 నవంబరులో హైకోర్టు చెబితే గానీ మళ్లీ తెరుచుకోలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ అక్కలు 2023 డిసెంబరులో సమ్మెకు దిగితే, జనవరిలో ప్రభుత్వం వాళ్ల మీద సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. వాళ్లు కోటి సంతకాల సేకరణకు దిగారు. తెలివైన ఎత్తుగడే. కానీ చాలీచాలని జీతంతో బతికే ఆడవాళ్లు తమ మాట వినిపించుకోడానికి అంత చాకిరీ ఎందుకు చెయ్యాలి?

ఢిల్లీలోని జంతర్‌మంతర్ కేసులో 2018లోనే సుప్రీంకోర్టు నిరసనలపై పూర్తి నిషేధం కుదరదంది. కాబట్టి మనం అడగాల్సింది ప్రతి జిల్లా కేంద్రంలో, కలెక్టరేట్‌కు కనిపించేంత దూరంలో, ఒక ధర్నా స్థలం. అనుమతి ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా, కోర్టుకు వెళ్లే వ్యవధి ఉండేలా, ముందే ఇవ్వాలి.