కార్పెట్ మెషిన్‌కు ఏ షాంపూ? కొనేముందు ఈ గాజు పలకలు చూడండి

అందరికీ నమస్కారం. ముందుగా ఈ రెండు గాజు పలకలు చూడండి. సీసా మీద రాసిన కొలత ప్రకారమే నీళ్ళు కలిపి, నిన్న రాత్రి ఒక్కోదాని మీద ఒక్కో షాంపూ చెంచాడు పోసి ఆరనిచ్చాను. ఎడమ పక్కదాని మీద వేలు పెడితే అతుక్కుంటోంది. కుడి పక్కది ఎండి పెళుసుగా అయింది, గోటితో గీరితే పొడిలా రాలిపోతోంది.

రెండూ కార్పెట్ షాంపూలే. కానీ నేను కొనేది కుడి పక్కదే. ఎందుకంటే మెషిన్ ఎంత గట్టిగా పీల్చినా కొంత షాంపూ పోగుల్లో మిగిలిపోతుంది. అది పొడిగా ఆరితే తర్వాత వాక్యూమ్ చేసినప్పుడు వచ్చేస్తుంది. జిగటగా ఆరిందా, ఆ కార్పెట్ మీద నడిచే ప్రతి పాదం దుమ్మూ దానికి అంటుకుంటుంది. "మొన్ననే కడిగాం, అప్పుడే నల్లబడింది" అని మెషిన్‌ను తిట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్కసారి షాంపూను కూడా అనుమానించండి.

ఇక నురుగు సంగతి. మన ఇళ్ళల్లో వాడే మెషిన్లు ఎక్కువగా నీళ్ళు చల్లి, బ్రష్‌తో రుద్ది, మురికినీళ్ళను వెనక్కి లాగే రకం. వీటికి తక్కువ నురుగు వచ్చే ద్రవమే కావాలి. మొదట్లో నాకు ఇది తెలియక గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు పోశాను. కాసేపటికే మురికినీళ్ళ ట్యాంక్ నిండా నురుగు, మోటారు శబ్దం మారిపోయింది, లాగడం ఆగిపోయింది. ఆ నురుగు మోటారులోకి వెళితే మెషిన్ పాడవుతుంది. కార్పెట్‌లోంచి ఆ సబ్బు పోవడానికి ఉత్త నీళ్ళతో ఐదుసార్లు తిప్పాల్సి వచ్చింది. బట్టల పౌడర్ కూడా వద్దు. చేత్తో రుద్దడానికి అమ్మే నురుగు షాంపూలు కూడా కార్పెట్ షాంపూ పేరుతోనే వస్తాయి, కాబట్టి సీసా మీద మెషిన్‌కు వాడవచ్చని ఉందో లేదో చదవండి.

నేను బ్రాండ్ పేర్లు చెప్పకపోవడానికి కారణం ఉంది. ఒకే కంపెనీ ఒకేలాంటి సీసాల్లో మూడు నాలుగు రకాలు అమ్ముతుంది. పేరు చూసి కొంటే పొరపాటు పడతారు. మీ కార్పెట్ దేనితో నేశారో చూసి కొనండి.

నైలాన్, పాలిస్టర్ అయితే పెద్ద టెన్షన్ లేదు. ఉన్ని అయితే మాత్రం జాగ్రత్త. ఉన్ని కూడా మన జుట్టులాగే ప్రోటీన్. క్షారం ఎక్కువున్న షాంపూ దాన్ని గరుకుగా చేసేస్తుంది, రంగు కూడా దిగవచ్చు. పీహెచ్, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7కు దగ్గరగా ఉన్నది తీసుకోండి. ఉన్నికి హాని చేయదని పరీక్షించి ఇచ్చే ఊల్‌సేఫ్ గుర్తు ఉంటే ఇంకా మంచిది. పెంపుడు జంతువుల మూత్రం వాసనకు ఎంజైమ్ షాంపూలు బాగా పనిచేస్తాయి, కానీ ప్రోటీన్‌ను కరిగించే ఎంజైమ్ ఉన్నిని కూడా తింటుంది. సింథటిక్ కార్పెట్‌కైతే నిశ్చింతగా వాడండి. పోసిన వెంటనే పీల్చేయకుండా, లేబుల్ మీద చెప్పినంతసేపు వదిలేయండి. నీళ్ళు మరీ వేడిగా ఉంటే ఎంజైమ్ పనిచేయదు.

సువాసనకు నేను మార్కులు వేయను. మురికి పోకపోయినా వాసన బాగానే వస్తుంది.

వాడేటప్పుడు మూత కొలత దాటకండి. మరక మొండిదని రెట్టింపు పోస్తే మిగిలేది కూడా రెట్టింపు. షాంపూ అయ్యాక ఉత్త నీళ్ళతో ఒకసారి, తర్వాత నీళ్ళు వదలకుండా పీల్చడం మాత్రమే రెండు మూడుసార్లు, అదీ నెమ్మదిగా. ఫ్యాన్ వేసి ఒక రోజులోపే ఆరనివ్వండి, లేదంటే అడుగున బూజు పడుతుంది.

కొత్త సీసా ఏదైనా ముందు సోఫా కింద కనిపించని మూలలో కొంచెం పోసి, పది నిమిషాల తర్వాత తెల్లగుడ్డతో అద్దండి. గుడ్డకు రంగు అంటితే ఆ షాంపూ పక్కన పెట్టేయండి. గాజు పలక మీద మీ ఇంట్లో ఉన్న షాంపూ ఎలా ఆరిందో కామెంట్‌లో రాయండి, జిగటగా ఆరినవాళ్ళకు నేను జవాబిస్తాను.