జాజి తోక చెప్పిన నిజం

నేను: నమస్కారం. ఈసారి అతిథి కోసం ఎక్కడికో వెళ్లలేదు. మా బాబాయి ఇంటి వరండాలోనే కూర్చున్నాం. మధ్యలో చాప మొత్తం ఆక్రమించి పడుకున్నది జాజి. బాబాయ్, ఇది ముధోల్ జాతి వేటకుక్కేనా?

బాబాయి: సగం. అమ్మినవాడు అచ్చమైన ముధోల్ అన్నాడు, నేను నమ్మాను. ఆరో నెలలో తోక వీపు మీదికి చుట్ట చుట్టుకుంది. అసలు ముధోల్ తోక కిందికి వేలాడుతుంది. మూతి, ఛాతీ, ఆ పొడుగు కాళ్లు తల్లివి. తోక మాత్రం ఏ వీధి మహానుభావుడిదో!

నేను: ముధోల్ అంటే నాకు బాసర దగ్గరి ఊరే గుర్తొస్తుంది.

బాబాయి: అది మన నిర్మల్ జిల్లాలోది. ఈ కుక్కల ఊరు కర్ణాటకలో, బాగల్‌కోట్ జిల్లాలో ఉంది. అక్కడి సంస్థానాన్ని ఏలిన ఘోర్పడేలు ఈ జాతిని శ్రద్ధగా పెంచారు. 2005లో తపాలా శాఖ దీని బొమ్మతో బిళ్ల కూడా వేసింది. వీటితో కుందేళ్లను వేటాడేవారు. ఇప్పుడు అది నేరం, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. చట్టం సంగతి మనకు తెలుసు, జాజికి తెలియదు కదా!

నేను: అంటే ఇంకా వేటాడుతుందా?

బాబాయి: ఇది వాసన పట్టి వెతికే రకం కాదమ్మా, కంటితో వేటాడే రకం. దూరంగా ఏదైనా కదిలితే చాలు. ఒకరోజు చెరువు కట్ట మీద నడుస్తున్నాం. గాలికి ఒక ప్లాస్టిక్ సంచి లేచింది. అంతే! నా చేతిలో గొలుసు ఉంది, గొలుసు చివర పట్టీ ఉంది, పట్టీలో కుక్క లేదు.

నేను: పట్టీ తెగిందా?

బాబాయి: తెగలేదు, జారింది. వీటి తల సన్నం, మెడ బలిష్టం. మామూలు పట్టీ చెవుల మీదుగా ఇట్టే వచ్చేస్తుంది. లాగితే కొద్దిగా బిగుసుకునే వెడల్పాటి పట్టీ వేయాలి. ఆ సంగతి ఆ రోజు తెలిసింది. పేరు పెట్టి ఎంత అరిచినా చెవికెక్కదు. పరుగు మొదలుపెట్టాక దానికి కళ్లు తప్ప ఇంకేమీ ఉండవు.

నేను: దొరికిందా మరి?

బాబాయి: తనే వచ్చింది, తుమ్మ ముళ్లలో దూరి. తొడ మీద జానెడు చర్మం పాత చీర చిరిగినట్టు చిరిగింది. చర్మం అంత పల్చన, కింద కొవ్వు ఉండదు. కుట్లు వేసే ముందు డాక్టరుకు ఇది వేటకుక్క సంకరమని చెప్పాను. కొన్ని పాతరకం మత్తుమందులిస్తే గ్రేహౌండ్ లాంటి సన్నటి వేటకుక్కలు చాలా ఆలస్యంగా తేరుకుంటాయి. సంకరంలో ఆ గుణం ఎంత వచ్చిందో ఎవరు చెప్పగలరు? ముందే చెప్పడం మేలు.

నేను: పక్కింటి పెద్దమ్మ ఇది బక్కచిక్కిందని బాధపడుతోంది.

బాబాయి: ఆవిడతో పెద్ద చిక్కు! పక్కటెముకలు రెండు మూడు లెక్కపెట్టగలిగేలా ఉంటేనే దీనికి ఆరోగ్యమని ఎన్నిసార్లు చెప్పినా వినదు. గోడ మీదుగా పెరుగన్నం పెడుతుంది. నెలలో జాజి రెండు కిలోలు పెరిగింది. అదేమో నా దగ్గర ఏమీ తినలేదన్నట్టు మొహం పెడుతుంది.

నేను: ఫ్లాటులో పెంచవచ్చా? చాలామంది అడుగుతున్నారు.

బాబాయి: నిక్షేపంగా. ఇంట్లో దీనంత సోమరి ఉండదు, పగలంతా నిద్రే. కాకపోతే మోచేతులు ఒరుసుకోకుండా మెత్తటి పరుపు, చలికాలం ఒంటి మీద ఒక తొడుగు కావాలి. పొద్దున్నే గోడలున్న ఖాళీ స్థలంలో పది నిమిషాలు విడిచిపెట్టాలి. గోడ మాత్రం ఎత్తుగా ఉండాలి, నడుమెత్తు గోడలు దీనికి ఒక లెక్క కాదు.

నేను: కాపలాకు పనికొస్తుందా?

బాబాయి: దీనిలోని ముధోల్ సగం, దొంగను చూసి పక్కకు జరిగి చోటిస్తుంది. వీధి సగం మాత్రం పాలవాడిని కూడా వదలదు. ఆ మొరుగుడంతా తండ్రి ఆస్తి.

నేను: అదేమిటి, తల ఎత్తింది?

బాబాయి: ఎటు చూస్తోంది? గోడ మీద పిల్లి... అమ్మాయ్, మైకు సంగతి తరువాత. ముందు గేటు వేసి రా!